గాజు నాళికలో గడ్డకట్టదు, ఒంట్లో గడ్డకడుతుంది

1930ల మధ్య నుంచి అమెరికాలో ఒక్కో రాష్ట్రమే పెళ్లికి ముందు సిఫిలిస్ రక్తపరీక్షను తప్పనిసరి చేస్తూ వచ్చింది. లక్షల మందికి పరీక్ష చేస్తే ఇబ్బందికరమైన సంగతి ఒకటి బయటపడింది. ఏ కోణంలో చూసినా సిఫిలిస్ ఉండడానికి అవకాశం లేని కొందరికి, అందులోనూ ఎక్కువగా యువతులకు, ఫలితం పాజిటివ్ అని వచ్చేది. 1950లలో జోసెఫ్ ఎర్ల్ మూర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇలాంటివాళ్లను పట్టుకుని ఏళ్ల తరబడి గమనించారు. వీళ్లు రెండు రకాలుగా తేలారు. కొందరిలో ఆ తప్పుడు పాజిటివ్ ఏదో జ్వరం వెంట వచ్చి, కొన్ని వారాల్లో దానంతటదే పోయింది. మిగిలినవారిలో అది ఏళ్లు గడిచినా పోలేదు. ఈ రెండో రకంవారిలో చాలామందికి తరువాత లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు, బయటపడింది.

ఈ రకం సిఫిలిస్ పరీక్షలో క్రిమి ఏదీ ఉండదు. ఎద్దు గుండె కండరం నుంచి తీసిన ఒక కొవ్వు పదార్థం ఉంటుంది. మేరీ పాంగ్‌బార్న్ 1941లో దాన్ని వేరుచేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టారు. ఇది ఫాస్ఫోలిపిడ్ల కుటుంబానికి చెందినది. మన ఆసుపత్రుల్లో గర్భిణులకు నేటికీ చేసే వీడీఆర్ఎల్ పరీక్షలో ఉన్నదీ ఇదే. రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, ఈ కొవ్వును అంటుకుంటే పాజిటివ్. అంటే సిఫిలిస్ లేని ఆ యువతుల రక్తంలోనూ కార్డియోలిపిన్‌ను అంటుకునేది ఏదో ఉందన్నమాట. దాన్ని అర్థం చేసుకోవడానికి వైద్యశాస్త్రానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఇలాంటి ప్రతిరక్షకాల వల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే, గర్భాలు నిలవని జబ్బు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, పొట్టిగా ఏపీఎస్. దాని కథ అక్కడే మొదలైంది.

రెండో ఆధారం 1952లో వచ్చింది. కాన్లీ, హార్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు తమ లూపస్ రోగులు ఇద్దరిలో ఒక వింత గమనించారు. వాళ్ల రక్తం పరీక్షనాళికలో గడ్డకట్టడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటోంది. రక్తం గడ్డకట్టనివ్వని, వారసత్వంగా వచ్చే హీమోఫీలియా లాంటి లోపమేమీ లేదు. రక్తంలోనే ఏదో అడ్డుపడుతోంది. ఈ అడ్డుపడేదానికి తరువాత, 1972లో, 'లూపస్ యాంటీకోయాగ్యులెంట్' అనే పేరు స్థిరపడింది. గడ్డకట్టకుండా ఆపే పదార్థం అని దాని భావం. వైద్యంలో ఇంతకంటే పక్కదారి పట్టించే పేరు మరొకటి ఉంటుందా అనిపిస్తుంది. ఎందుకంటే అది ఉన్నవారిలో సగానికి పైగా లూపస్ లేనివాళ్లే. పైగా వాళ్లలో రక్తస్రావం కాదు, గడ్డలు వస్తాయి. కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో, మెదడు ధమనుల్లో.

ఈ వైరుధ్యం అర్థం కావాలంటే ల్యాబ్‌లో జరిగే పనిని దగ్గరగా చూడాలి. నీలం మూత ఉన్న చిన్న నాళికలో రక్తం తీస్తారు. అందులో ముందే సిట్రేట్ ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నాళికను యంత్రంలో వేగంగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన లేత పసుపు ప్లాస్మా మిగులుతుంది. దానికి గడ్డకట్టించే ప్రొటీన్లు చేరి పనిచేయడానికి చోటిచ్చే ఫాస్ఫోలిపిడ్, ఆ ప్రక్రియను రగిలించే మరో పదార్థం కలిపి, 37 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచి, చివరగా కాల్షియం పోసి గడియారం నొక్కుతారు. ఏపీటీటీ అనే ఈ పరీక్షలో మామూలు మనిషి ప్లాస్మా అటూ ఇటుగా అర నిమిషంలో గడ్డకడుతుంది. అదే అరవై, డెబ్బై సెకన్లు పట్టిందంటే రెండే కారణాలు. అవసరమైన ప్రొటీన్ ఏదో తక్కువైంది, లేదా ఏదో అడ్డుపడుతోంది. ఏది నిజమో తేల్చడానికి రోగి ప్లాస్మాలో ఆరోగ్యవంతుడి ప్లాస్మా సమానంగా కలిపి మళ్లీ చూస్తారు. లోపమే అయితే పరాయి ప్లాస్మా దాన్ని పూడుస్తుంది, సమయం దారికొస్తుంది. అడ్డంకి అయితే కలిపిన మంచి ప్లాస్మాను కూడా అది ఆపేస్తుంది. ఆ తరువాత ఫాస్ఫోలిపిడ్ మోతాదు బాగా పెంచి చూస్తారు. ఇప్పుడు గనక ప్లాస్మా చకచకా గడ్డకడితే అడ్డంకి రహస్యం తెలిసిపోయినట్టే. అది ఫాస్ఫోలిపిడ్ చోటును ఆక్రమించుకుని కూర్చుంది, చోటు పెరిగేసరికి అడ్డుపడలేకపోయింది.

ఈ పనికి ఇప్పుడు ఎక్కువ నమ్మకంగా వాడే మరో పరీక్షకు మన కోస్తాతో సంబంధం ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉంటూ, ఈస్టిండియా కంపెనీ కోసం పాములను సేకరించి, వాటి విషాన్ని కోళ్ల మీద, కుక్కల మీద పరీక్షించి రాసిపెట్టాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో 'కాటుక రేకుల పొడ' అని స్థానిక పేరుతో సహా నమోదైన పామే మన రక్తపింజరి. ఇంగ్లీషులో దానికి రస్సెల్ పేరే మిగిలింది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను ఫ్యాక్టర్లు అంటారు, అవి గొలుసులా ఒకదాన్నొకటి రగిలిస్తాయి. రక్తపింజరి విషం ఆ గొలుసులోని పదో ఫ్యాక్టర్‌ను నేరుగా ఉసిగొల్పుతుంది. పొలంలో కాటు పడ్డ మనిషిలో ఆ ఫ్యాక్టర్లన్నీ క్షణాల మీద రగిలి ఖర్చయిపోయి, చివరికి రక్తం గడ్డకట్టని స్థితి వస్తుంది. అందుకే పాముకాటు కేసు రాగానే రక్తం తీసి ఉత్త గాజు నాళికలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. ల్యాబ్‌లో అదే విషాన్ని బాగా పలచబరిచి, కొద్దిపాటి ఫాస్ఫోలిపిడ్‌తో కలిపి వాడితే లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌ను పట్టిస్తుంది. విషం పైమెట్లన్నీ దాటేసి నేరుగా పదో ఫ్యాక్టర్‌ దగ్గర మొదలుపెడుతుంది కాబట్టి, ఎనిమిదో ఫ్యాక్టర్ లాంటివి తక్కువైనా ఈ పరీక్ష తప్పుదారి పట్టదు. ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే డీఆర్‌వీవీటీ ఇదే.

పరీక్షనాళికలో జరిగేది ఇదయితే ఒంట్లో ఎందుకు తారుమారవుతుంది? దీనికి జవాబు దొరికే ముందు, మరో అడుగు పడాల్సి వచ్చింది. 1983లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో గ్రాహమ్ హ్యూస్ బృందం విడివిడిగా కనిపిస్తున్న లక్షణాలను ఒకచోట చేర్చింది. చిన్న వయసులో పక్షవాతం, సిరల్లో గడ్డలు, మళ్లీ మళ్లీ గర్భస్రావాలు, వీటి వెనక ఈ ప్రతిరక్షకాలు. అదే ఏడాది నైజల్ హారిస్, సహచరులు కార్డియోలిపిన్‌ను అంటుకునే ప్రతిరక్షకాలను నేరుగా కొలిచే పరీక్ష ప్రచురించారు. జబ్బుకు హ్యూస్ సిండ్రోమ్ అనే పేరూ వచ్చింది. అప్పటికి అందరూ నమ్మింది ఒకటే: ప్రతిరక్షకాలు కొవ్వు మీద దాడి చేస్తున్నాయి.

1990లో ఆ నమ్మకం చెదిరింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్, జపాన్‌లోని సపోరో బృందాలు వేర్వేరుగా ఒకే నిర్ణయానికి వచ్చాయి. ఈ రోగుల ప్రతిరక్షకాలను పూర్తిగా శుద్ధి చేసి కార్డియోలిపిన్ పక్కన పెడితే అవి దాన్ని పట్టించుకోవడమే లేదు. ప్లాస్మానో, రక్తం గడ్డకట్టాక మిగిలే సీరమో కలిపినప్పుడే అంటుకుంటున్నాయి. ల్యాబుల్లో పరీక్ష పలకల మీద మామూలుగా పశువుల సీరం పోస్తారు. ఇన్నాళ్లూ ఆ సీరంలోని ఒక ప్రొటీన్ ఎవరికీ తెలియకుండా మధ్యవర్తిగా పనిచేస్తూ వచ్చింది. దాని పేరు బీటా-2 గ్లైకోప్రొటీన్-1. సిఫిలిస్ లాంటి ఇన్ఫెక్షన్లలో పుట్టే ప్రతిరక్షకాలకు ఈ మధ్యవర్తి అక్కర్లేదు, అవి నేరుగా కొవ్వును అంటుకుంటాయి. ఏపీఎస్ రోగుల ప్రతిరక్షకాలకు మాత్రం ఆ ప్రొటీనే అసలు గురి. మూర్ చూసిన రెండు రకాల మనుషుల మధ్య తేడాకు ఇలా రసాయన రూపం దొరికింది.

బీటా-2 గ్లైకోప్రొటీన్-1 అరుదైన వస్తువేమీ కాదు. కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంది. లీటరు ప్లాస్మాలో ఇంచుమించు 0.2 గ్రాములు ఉంటుంది. 326 అమైనో ఆమ్లాలతో తయారైన దీని ఆకారాన్ని ఐదు పూసల గొలుసుగా ఊహించుకోవచ్చు. ఐదో పూస మీద ధనావేశం ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుమిగూడి ఉంటాయి. కణపొర మీద రుణావేశపు ఫాస్ఫోలిపిడ్లు ఎక్కడ బయటపడితే అక్కడ ఇది అతుక్కుంటుంది. ప్రమాదకరమైన ప్రతిరక్షకాలు గురిపెట్టేది రెండో కొసకు, అంటే మొదటి పూసకు. అందులోనూ 40 నుంచి 43 వరకు ఉన్న అమైనో ఆమ్లాల చుట్టుపక్కల చోటు వాటికి ముఖ్యం.

మరి రక్తంలో ఇంత ప్రొటీన్ తిరుగుతుంటే ప్రతిరక్షకాలు అక్కడికక్కడే దాన్ని పట్టేసి ఎందుకు ఖర్చయిపోవు? రెండు వివరణలున్నాయి. ఒకటి, ఈ ప్రతిరక్షకాల పట్టు బలహీనమైనది. ఒక చేత్తో పట్టుకుంటే నిలవదు, రెండు చేతులతో రెండు ప్రొటీన్లను ఒకేసారి పట్టుకోవాలి. అలా పట్టుకోవాలంటే ప్రొటీన్లు ఏదైనా ఉపరితలం మీద పక్కపక్కన చేరాలి. రెండోది ప్రొటీన్ ఆకారానికి సంబంధించినది. 1999లో స్ఫటిక నిర్మాణం చూసినవారికి అది గాలపు కొక్కెంలా సాగి కనిపించింది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, రక్తంలో తిరిగేటప్పుడు మొదటి పూస ఐదో పూసను తాకుతూ ఉంగరంలా మూసుకుని ఉంటుందని, కణపొరకు అతుక్కున్నప్పుడే తెరుచుకుని దాచిన భాగం బయటపడుతుందని చెప్పారు. ఉంగరం వాదనను ఒప్పుకోనివారూ ఉన్నారు, ఆ చర్చ ముగియలేదు. నా మటుకు మొదటి వివరణే గట్టిదనిపిస్తుంది. ఆకారం ఏదైనా, ఉపరితలం మీద గుమిగూడితే తప్ప గొడవ మొదలవదన్నది రెండు వర్గాలూ ఒప్పుకునే విషయం.

ఇక్కడే చాలామంది పొరబడే మలుపు ఉంది. ప్రతిరక్షకం ఒక ప్రొటీన్‌ను పట్టుకుందంటే ఆ ప్రొటీన్ పని ఆగిపోతుందని, అందువల్లే జబ్బు వస్తుందని అనుకోవడం సహజం. కొన్ని జబ్బుల్లో అది నిజం కూడా. వయసు మళ్లినవారిలో, అరుదుగా కొత్తగా ప్రసవించిన తల్లుల్లో, ఎనిమిదో ఫ్యాక్టర్ మీద ప్రతిరక్షకాలు పుడతాయి. ఆ ఫ్యాక్టర్ పనిచేయక ఒళ్లంతా కమిలిపోతుంది, కండరాల్లో రక్తం కారుతుంది. మధ్యలో వచ్చిన హీమోఫీలియా అది. ఏపీఎస్ అలాంటిది కాదు. పుట్టుకతోనే బీటా-2 గ్లైకోప్రొటీన్-1 లేని మనుషులను జపాన్‌లో గుర్తించారు. వాళ్లకు ఆ లోపం వల్ల గడ్డలు రాలేదు. అంటే ఆ ప్రొటీన్ లేకపోవడం సమస్య కాదు. ప్రతిరక్షకంతో జతకట్టిన తరువాత అది కొత్తగా మొదలుపెట్టే పనే సమస్య.

ఆ కొత్త పని ఒక్కచోట జరగదు. రెండేసి ప్రొటీన్లు ఒక ప్రతిరక్షకంతో కలిసి రక్తనాళం లోపలి పొరలోని గ్రాహకాలను తాకితే, ఆ పొర స్వభావమే మారిపోతుంది. మామూలుగా అది రక్తాన్ని జారనిస్తూ, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆ విడుదల తగ్గి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ పైకి తేలుతుంది. మోనోసైట్లు అనే తెల్లకణాలూ అదే పని చేస్తాయి. ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తమ డీఎన్ఏను పోగులుగా బయటికి వెదజల్లి, గడ్డ అల్లుకోవడానికి ఆధారం ఇస్తాయి. ఈ చివరి సంగతిని చూపిన 2015 నాటి మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధన పత్రంలో మొదటి పేరు శ్రీలక్ష్మి యలవర్తి. వీటన్నిటికీ తోడు, క్రిములతో పోరాడడానికి రక్తంలో ఉండే కాంప్లిమెంట్ ప్రొటీన్ల వ్యవస్థ కూడా రగులుతుంది. పరీక్షనాళికలో కణాలేవీ ఉండవు, ప్లాస్మా మాత్రమే ఉంటుంది. అక్కడ ప్రతిరక్షకాలు చేయగలిగింది పోసిన కొద్దిపాటి ఫాస్ఫోలిపిడ్‌ను ఆక్రమించడం ఒక్కటే. ఒంట్లో గోడలున్నాయి, కణాలున్నాయి, అవి స్పందిస్తాయి. వైరుధ్యం అంతా ఇంతే.

గురి మారితే ఫలితమూ మారవచ్చు. కొందరిలో, గడ్డకట్టించే ఫ్యాక్టర్లలో ఒకటైన ప్రోత్రాంబిన్ మీద కూడా ప్రతిరక్షకాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం గడ్డలవైపే నెడతాయి. ఎప్పుడో అరుదుగా, ముఖ్యంగా పిల్లల్లో వైరల్ జ్వరం తరువాత, అవి ప్రోత్రాంబిన్‌ను గట్టిగా పట్టుకుని రక్తంలోంచి తొలగించేస్తాయి. అప్పుడు మాత్రం లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్న మనిషికి నిజంగానే రక్తస్రావం అవుతుంది.

ఇంత ఉన్నా ప్రతిరక్షకాలున్న ప్రతివారికీ గడ్డ రాదు. రిపోర్టు పాజిటివ్‌గా ఉండి ఏళ్ల తరబడి ఏమీ కాని మనుషులున్నారు. ప్రతిరక్షకాలు రంగం సిద్ధం చేస్తాయి, మరో దెబ్బ తగిలినప్పుడు గడ్డ కడుతుంది అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ రెండో దెబ్బ ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆపరేషన్, గర్భం, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, పొగతాగడం, రోజుల తరబడి మంచం మీద ఉండిపోవడం కావచ్చు. అత్యంత అరుదుగా, నూటికి ఒక్కరికంటే తక్కువమందిలో, వారం తిరక్కుండా మూడు లేదా అంతకంటే ఎక్కువ అవయవాల్లో చిన్న నాళాలన్నీ మూసుకుపోయే భయానక రూపం వస్తుంది. 1992లో రోనాల్డ్ యాషర్‌సన్ దాన్ని ప్రత్యేకంగా వర్ణించారు. గడ్డకట్టకుండా వాడే మందులు హఠాత్తుగా ఆపేయడం కూడా దానికి ఒక కారణం.

మన దగ్గర ఈ జబ్బు పేరు ఎక్కువగా వినిపించేది గర్భస్రావాల సందర్భంలో. మాయలోని కణాల పైపొర మీద ఫాస్ఫోలిపిడ్లు సహజంగానే బయటకు కనిపిస్తూ ఉంటాయి. అందుకే ఆ ప్రొటీనూ, దాని వెంట ప్రతిరక్షకాలూ అక్కడ చేరతాయి. మాయలో గడ్డలు కట్టి బిడ్డకు రక్తం అందదు అని చెప్పడం పరిపాటి. అది కథలో సగమే. చాలా మాయల్లో చెప్పుకోదగ్గ గడ్డలే కనిపించవు. మాయ గర్భాశయంలోకి పాతుకుపోయే పనే సరిగా సాగదు, కాంప్లిమెంట్ వాపు పుట్టిస్తుంది. ఎలుకల మీద 2004లో వచ్చిన ఫలితాల్లో, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అనే ఇంజెక్షన్ మందు గర్భాన్ని కాపాడింది రక్తాన్ని పలచన చేయడం వల్ల కాదు, కాంప్లిమెంట్‌ను అదుపు చేయడం వల్ల. గడ్డకట్టకుండా ఆపే ఇతర మందులు అక్కడ పనిచేయలేదు. స్త్రీల మీద 1997లో లండన్‌లో ప్రచురితమైన అధ్యయనంలో ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో 42 శాతం గర్భాలు, హెపారిన్ కూడా తోడైనవారిలో 71 శాతం గర్భాలు బిడ్డ ప్రాణంతో పుట్టేదాకా నిలిచాయి. గర్భిణి రోజూ పొట్ట మీద పొడుచుకునే ఆ చిన్న ఇంజెక్షన్ వెనక ఉన్న లెక్క ఇది.

అయితే ఈ పరీక్షను కనిపించిన ప్రతివారికీ రాసేయడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి క్రోమోజోముల పొరపాటే కారణం. ఒక్క గర్భస్రావానికే ఈ ప్రతిరక్షకాలను వెతికే 'ఆప్లా' పరీక్ష చేయించి, ఐజీఎమ్ అనే రకం ప్రతిరక్షకం ఏ కొద్దిపాటి పాజిటివ్ వచ్చినా జీవితకాలపు జబ్బుగా చెప్పడం అన్యాయం. ఆరోగ్యంగా ఉన్నవారిలో సైతం నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఏదో ఒక ప్రతిరక్షకం కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ వెంట వచ్చినది కొన్ని వారాల్లో పోతుంది కాబట్టే, కనీసం 12 వారాల ఎడంతో రెండోసారి పాజిటివ్ వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. ఈ గడువు 2006 నాటి సిడ్నీ ప్రమాణాల్లో ఉంది. గడ్డకట్టి ఆసుపత్రిలో చేరిన రోజునే, హెపారిన్ ఎక్కుతుండగా తీసిన రక్తంతో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ తేల్చడం మరో తలనొప్పి. మందే పరీక్షను తప్పుదారి పట్టించగలదు.

పరీక్షలు మూడు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్ ప్రతిరక్షకాలు, బీటా-2 గ్లైకోప్రొటీన్-1 ప్రతిరక్షకాలు. మూడింటికీ విలువ ఒకటి కాదు. మూడూ పాజిటివ్ అయి, అంతవరకు గడ్డ రానివారిని ఇటలీ పరిశోధకులు అనుసరించి చూస్తే ఏడాదికి నూటికి ఐదుగురికి పైగా గడ్డ కట్టింది. ఐజీఎమ్ మాత్రమే స్వల్పంగా పెరిగినవారి పరిస్థితి దానితో పోల్చదగ్గది కాదు. రిపోర్టులో 'పాజిటివ్' అనే మాట కంటే ఏది, ఎంత, ఎన్నిసార్లు అన్నవే చూడాలి.

గడ్డ వచ్చినవారికి చికిత్స ఇప్పటికీ గడ్డకట్టకుండా ఆపే పాత మాత్ర వార్‌ఫరిన్, లేదా మన దగ్గర ఎక్కువగా రాసే దాని జాతి మందు ఎసినోకౌమరాల్. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని బట్టి మందు ప్రభావం ఎంతో చెప్పే ఐఎన్ఆర్ అనే అంకెను 2 నుంచి 3 మధ్య ఉంచాలి. మందు పనికి అడ్డొస్తాయని ఆకుకూరలు మానేయనక్కర్లేదు, ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా కాక ఇంచుమించు ఒకే పద్ధతిలో తినాలి. పిండం మొదటి మూడు నెలల్లో ఉండగా ఈ మాత్ర ప్రమాదం కనుక గర్భం రాగానే హెపారిన్‌కు మారుస్తారు. రక్తపరీక్షల బెడద లేని కొత్త మాత్రలకు మారదామన్న ఆశ 2018లో దెబ్బతింది. మూడు పరీక్షలూ పాజిటివ్ ఉన్న 120 మందిలో రివరోక్సబాన్‌ను వార్‌ఫరిన్‌తో పోల్చిన అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. కొత్త మాత్ర వాడినవారిలో ఏడుగురికి పక్షవాతమో గుండెపోటో వచ్చింది, వార్‌ఫరిన్ వాడినవారిలో ఒక్కరికీ రాలేదు. కొత్త మాత్ర ఒకే ఒక్క ఫ్యాక్టర్‌ను, పదోదాన్ని ఆపుతుంది. వార్‌ఫరిన్ నాలుగింటిని ఒకేసారి తగ్గిస్తుంది. ఇన్ని దారుల్లో రెచ్చగొట్టే ప్రతిరక్షకాల ముందు ఒక్క ద్వారం మూస్తే చాలదన్నది ఒక ఊహ.

వార్‌ఫరిన్ వాడేవారిలోనూ ఒక చిక్కు మిగిలి ఉంది. ఐఎన్ఆర్ పరీక్షలో కూడా ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది. కొందరిలో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అక్కడ కూడా అడ్డుపడి అంకెను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇంట్లో వేలి రక్తంతో చూసుకునే చిన్న యంత్రాల్లో ఇది ఎక్కువ. రిపోర్టులో మూడు అని కనిపించి, నిజానికి మందు చాలకపోయే ప్రమాదం ఉంది. అలా అనుమానం వచ్చినప్పుడు సిర నుంచి తీసిన రక్తంతో ఐఎన్ఆర్ మళ్లీ చూస్తారు. దానితోనూ తేలకపోతే ఫాస్ఫోలిపిడ్‌తో పనిలేకుండా రంగు మార్పును బట్టి పదో ఫ్యాక్టర్ ఎంత మిగిలిందో కొలిచి, ఆ అంకెను బట్టి మోతాదు సరిచేస్తారు.